కంచు డ్రాగన్, ఇత్తడి డ్రాగన్

"బ్రాస్ అంటే కంచా, ఇత్తడా?"

వై.ఎన్.హొసకోటలో పాత్రల అంగడికి వచ్చి ఎవరూ అడగని ప్రశ్న ఇది. గల్లా దగ్గర కూర్చున్న గంగాదేవి తలెత్తి చూసింది. ఎదురుగా పొడుగాటి అబ్బాయి, చేతిలో జిరాక్స్ కాగితాల కట్ట.

"కొనేకా, పరీక్ష రాసేకా?"

"డ్రాగన్లకు."

అబ్బాయి పేరు వెంకటరాముడు, ఊరు మంగళవాడ. బెంగుళూరులో బీఎస్సీ చదివి, డిగ్రీతో పాటు హాస్టల్లో నేర్చుకున్న ఒక ఆటను కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, వాన మొహం చాటేసింది. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచి పెట్టుకొని ఊరంతా ఆకాశం చూస్తుంటే, ఇతను స్నేహితులను కూర్చోబెట్టి, పాచికలు వేయించి, కాగితం మీద డ్రాగన్లను వేటాడిస్తున్నాడు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. కాబట్టి డ్రాగన్లన్నిటికీ తెలుగు పేర్లు పెట్టే బాధ్యత తన మీద వేసుకున్నాడు. ఇంట్లో ఇంత పెద్ద బాధ్యత అతనికి ఎవరూ అప్పగించలేదు.

"డ్రాగనంటే ఏంది?"

"రెక్కలుండే పెద్ద పాము మాదిరి. రంగులవి ఐదు రకాలు, అన్నీ చెడ్డవే. ఎర్రది నిప్పు కక్కుతాది, నల్లది యాసిడ్, తెల్లది మంచు, ఆకుపచ్చది విషంగాలి, నీలిది మెరుపు. లోహాలవి ఇంకో ఐదు, అవి మంచివి. బంగారం, వెండి, రాగి... ఇంక బ్రాంజ్, బ్రాస్. ఈడికొచ్చి ఆగిపోయినా."

గంగాదేవి గరిటెతో ఒక గిన్నెను కొట్టింది. ఖంగుమని చాలాసేపు మోగింది. "ఇది కంచు. బ్రాంజ్." ఒక చెంబును కొట్టింది. ఠక్కుమని ఊరుకుంది. "ఇది ఇత్తడి. బ్రాస్. మాకు ఎస్సెస్సెల్సీలోనే చెప్పినారప్పా. డిగ్రీలో చెప్పలేదా?"

వెంకటరాముడు గరిటె పట్టుకున్న చేతినే చూస్తున్నాడు. "ఇంకోసారి కొడతావా?" అన్నాడు.

మరునాడు అతనికి రాగి గురించి అనుమానం వచ్చింది. ఆ మరునాడు వెండి గురించి. వచ్చిన ప్రతిసారీ మర్యాదకు ఒక చెంబు కొన్నాడు. తాగడానికే నీళ్ళు లేని ఇంట్లో ఇన్ని చెంబులెందుకురా అని వాళ్ళమ్మ రామలక్ష్మమ్మ తల పట్టుకుంది.

"ఇత్తడిది యాడుంటాది?" గంగాదేవి అడిగింది ఒకరోజు.

"ఎండిన సీమలో. మాటలంటే దానికి పిచ్చి. మనిషి దొరికితే వదల్దు."

"అయితే నాకు దినామూ కనపడతాండాది."

అతను నవ్వి, మాట మార్చాడు. "ఎర్రది కొండమీద సొమ్మంతా కుప్ప పోసుకొని, దానిమీద కూసుంటాది. ఎవర్నీ ముట్టనీదు."

లోపల, బిందెల మధ్య, గంగాదేవి వాళ్ళ నాయన నారప్ప గట్టిగా దగ్గాడు. గంగాదేవి పెన్ను తీసుకొని ఎర్ర డ్రాగన్ పక్కన 'నారప్ప' అని రాసింది.

రెండో వారంలో ఆమె మొహం మారింది.

"శుక్రారం మడకశిర నుంచి నన్ను చూసేకి వస్తాండారు."

"నీకిష్టమేనా?"

"ఇష్టమైతే నీకెందుకు చెప్తా? డ్రాగన్లను చంపేటోనివి, మా నాయన్ను అడగలేవా?"

కాగితం మీద పదకొండు డ్రాగన్లను చంపిన వీరుడు చొక్కా గుండీలు రెండుసార్లు సరిచూసుకున్నాడు. లోపలికి నడిచాడు. ఈ పిల్ల లేకపోతే తనకు వానా వద్దు, పంటా వద్దు అనిపించింది.

ముందురోజు అతను గల్లా మీద మరిచిపోయిన కాగితాలు నారప్ప చేతిలో ఉన్నాయి.

"ఇందులో నా పేరుండాది. నేను యా రకం?"

బంగారం అంటే సరిపోయేది. నోటికి నిజమే వచ్చింది.

"ఎర్రది, మామా. మీ పాపే రాసింది."

'అయ్యా' అనబోయాడు. 'మామా' అనేశాడు. గుమ్మం దగ్గర గంగాదేవి నాలుక కరుచుకుంది.

"ఏ వరసన మామను?" నారప్ప కళ్ళజోడు తీశాడు.

"ఇంకా వరస లేదు. మీరు ఒప్పుకొని పాపనిస్తే ఉంటాది."

"ఎర్రది మంచిదా, చెడ్డదా?"

"చెడ్డది."

నారప్ప కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. "మడకశిరోళ్ళు నన్ను దేవుడంటాండారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది," అన్నాడు. "నువ్వు మొగం మీదే చెప్పినావు. వాళ్ళకు వద్దని చెప్పి పంపుతా. మీ అమ్మానాయన్ను పిలుచుకొని రా, మాట్లాడదాం."

వెంకటరాముడు యుద్ధం గెలిచినవాడిలా బయటికొచ్చాడు. గంగాదేవి నవ్వలేదు.

"మా నాయనకు చెప్పినావు. నాకెప్పుడు చెప్పినావు?"

అతను ఆలోచించాడు. పది రకాల డ్రాగన్ల గురించి చెప్పాడు. ఇదొక్కటే చెప్పలేదు.

"మొదటి దినమొకటే డ్రాగన్ల కోసం వచ్చినా," అన్నాడు. "మిగిలిన దినాలన్నీ నీకోసమే. నువ్వంటే నాకు చానా ఇష్టం, గంగా."

"ఈ మాటకు తెలుగు నీకు ముందే తెలుసు గదప్పా! ఇన్ని దినాలు పట్టిందేం?" గంగాదేవి కళ్ళు తుడుచుకొని నవ్వింది. "నాకూ ఇష్టమే."