రేవులో పట్టుకున్న చెయ్యి

"బొమ్మలా చూస్తావేంటి, బుట్ట తియ్!"

తొమ్మిదేళ్ల కిందట అలా అరుస్తూ పడవలో పనిచేసే ఖింగ్ ఒడ్డుకి విసిరిన తాడు, తడితడిగా వెళ్లి టెంగ్మో అమ్మడానికి కాల్చిన అరటిపళ్ల బుట్ట మీద పడింది.

"కళ్లు నదిలో పారేసుకున్నావా?" అని లేచింది టెంగ్మో.

మొదటి మాటే తగువు. అయినా ఆ రోజు నుంచి ఆ బ్యాంకాక్ రేవులో టెంగ్మోను చెయ్యిపట్టి పడవ ఎక్కించేది ఖింగే. ఒకే ఇంట్లో చేరాక, ఇద్దరాడవాళ్ల కాపురమా అని నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వనీ.

ఆడవాళ్లిద్దరు పెళ్లి చేసుకోవచ్చని ఈ జనవరిలో చట్టం వచ్చింది. మొదటి వారమే ఇద్దరూ పెళ్లి నమోదు చేయించుకున్నారు. ఇక మిగిలింది టెంగ్మో మోకాలి ఆపరేషన్. ఉద్యోగి భార్యకైనా భర్తకైనా ఖింగ్ పనిచేసే పడవల కంపెనీయే వైద్యం చేయించాలి. అందుకే ఇద్దరూ ఆఫీసుకొచ్చారు.

"ఆడ ఉద్యోగి ఫారంలో భర్త అనే ఉందమ్మా," అన్నాడు గుమాస్తా ప్రసోంగ్.

"కొట్టేసి భార్య అని రాయండి సార్," అంది ఖింగ్. "పెన్ను నేనిస్తా. దయ అడగట్లేదు, చట్టం అడుగుతున్నా."

ఆయన కొట్టేశాడు. రాశాడు. అంతలో కళ్లద్దాలు సర్దుకున్నాడు. టెంగ్మో అన్నది పిలిచే పేరే, కాగితాల్లో ఆమె సుమాలీ.

"పెళ్లి పత్రంలో సుమాలీ. గుర్తింపు కార్డులో నత్తనిచా. ఎవరీ నత్తనిచా?"

ఖింగ్ గిర్రున తిరిగింది. "ఎవరే?"

"నేనే," టెంగ్మో తల దించుకుంది. "పోయిన వారం పేరు మార్చుకున్నా."

"పెళ్లయ్యాకా! కాగితాల కోసం నా కాళ్లు అరిగిపోతుంటే..."

"పాత పేరుతో ఉంటే కావాల్సిన మనిషి చెయ్యి జారిపోతుందని జాతకం చూసి గుళ్లో భిక్షువు చెప్పాడు. భయమేసింది. మోకాలు పోతే పోనీ, నువ్వు పోకూడదు."

తొమ్మిదేళ్లలో టెంగ్మో నోట ఇలాంటి మాట రాలేదు. నదికి అటు ఒడ్డు దాకా వినబడేలా అరిచే ఖింగ్, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

ప్రసోంగ్ దగ్గాడు. "పేరు మార్చిన పత్రం ఉందా?"

టెంగ్మో బుట్టలోని అరటాకుల కింద నుంచి ప్లాస్టిక్ కవరు బయటికొచ్చింది.

"దీనికింత ఏడుపెందుకమ్మా? నాది నాలుగో పేరు. మొదటి మూడింటితో పెళ్లే కుదర్లేదు," అంటూ ముద్ర గుద్దాడాయన.

రేవులో పడవ ఆగింది. టెంగ్మో ఒడ్డునే నిలబడింది.

"మోకాలు బాగయితే నీ చెయ్యి అక్కర్లేదేమో?"

"ఆపరేషన్ మోకాలికే," ఖింగ్ చెయ్యి చాచింది. "చేతికి కాదు. పట్టుకో."