సునీల అడిగిన మూడు రోజులు

"ఏంది సార్ గిది?"

రోస్టర్ డెస్క్ మీద ఫోన్ టప్పుమని పడింది. ఫోన్ తెరమీద ఎర్ర అక్షరాల్లో 'సెలవు తిరస్కరించబడింది' అని ఉంది. డెస్క్ ముందు సునీల నిలబడి ఉంది. తల మీద టోపీ తీయలేదు, చేతి గ్లౌజులు విప్పలేదు. ముక్కుపుటాలు మాత్రం అదురుతున్నాయి.

డెస్క్ వెనక కుర్చీలో ఉన్న కుర్రవాడు లేచి నిలబడ్డాడు. పేరు శామ్. సొంతూరు నర్సాపురం. బెంగళూరు బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా నెల కాలేదు. ఎవరు ఏ షిఫ్టులో పనిచేయాలో, ఎవరికి సెలవివ్వాలో చూడడం అతని ఉద్యోగం.

"కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?" అన్నాడు.

"నీళ్లు మా ఇంట్ల ఉన్నయ్. సెలవు సంగతి చెప్పుర్రి. మా అక్క పెండ్లి. మూడు రోజులు అడిగిన. లేదని ఎట్ల కొట్టేసిర్రు?"

"ఈ ఏడాది మీ సెలవులు అయిపోయాయండి."

"అయిపోయినయా? నేనేమన్న గోవా పోయొచ్చిన్నా? మా బాపు గగన్‌పహాడ్ కాడ బండి మీదినుంచి పడి కాలు ఇరగ్గొట్టుకుంటే దవాఖానల ఉన్న. నాకు డెంగీ వస్తే మంచంల ఉన్న. గవి సెలవులా?"

"రూల్ ప్రకారం అవి కూడా..."

"మంచి రూల్ సార్! జ్వరమొచ్చినా గదే సెలవు, పెండ్లొచ్చినా గదే సెలవు. ఏడాదికి పన్నెండు రోజులు ఇచ్చి, గా పన్నెండులనే బతకాలె, గండ్లనే చావాలె!"

శామ్ తలెత్తి చూశాడు. కోపంలో ఆమె కళ్లు మరీ పెద్దవైనట్టు కనిపించాయి. చూపు తిప్పుకోవాలని అతనికి ఆలస్యంగా తోచింది.

"నవ్వొస్తుందా మీకు?"

"లేదండీ. అస్సలు లేదు."

"అండీ అండీ అనుకుంట గొంతు కోస్తరు!" అని ఫోన్ లాక్కుని వెళ్లిపోయింది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనున్న ఆ కిచెన్‌లో విమానాలకు భోజనాలు వండి పంపుతారు. సునీల ట్రేలు సర్దే లైన్లో పనిచేస్తుంది. బన్ను, వెన్న, కూర గిన్నె, చెంచాల పొట్లం, అన్నీ దేని చోట అది చకచకా పెట్టాలి. చల్లటి గదిలో గంటల తరబడి నిలబడి చేసే పని. కిటికీ అవతల విమానాలు లేస్తూ దిగుతూ ఉంటాయి. వాటిలో జనం తిరుపతికో, దుబాయికో సెలవుల మీద పోతుంటారు. వాళ్ల తిండి సర్దే వాళ్లకు మాత్రం పక్కనే ఉన్న సాతంరాయిలో సొంత అక్క పెళ్లికి పోవడానికి దారి లేదు.

ఇంటికొచ్చినా సునీల కోపం చల్లారలేదు. అక్క జూలీ కువైట్‌లో ఆసుపత్రి నర్సు. పెళ్లి కోసం అంతకు ముందు రోజే దిగింది.

"నాకు ఏడాదికి నెల రోజులు సెలవు. జీతంతోటి," అంది జూలీ, చెల్లెలి మాట విని ఆశ్చర్యపోయి.

"చూసినవా అమ్మా? సముద్రం అవతల ఉండి అక్క వచ్చింది. ఎయిర్‌పోర్టు పక్కన ఉండి నేను రాలేనట!"

తల్లి లీలమ్మ బియ్యం చెరుగుతూ నిట్టూర్చింది. "మల్ల జర అడిగి చూడు బిడ్డా. పెండ్లి పిల్ల పక్కన నువ్వు లేకుంటే ఎట్ల?"

మళ్లీ అడగాల్సిన పని పడలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్‌కు కొత్త మెసేజ్ వచ్చింది. 'మీ షిఫ్టుకు బదులు మనిషి దొరికారు. మూడు రోజులు రానక్కరలేదు.' తన స్థానంలో పనిచేయడానికి ఎవరైనా ఒప్పుకుంటే షిఫ్టు మార్చుకోవచ్చనే రూల్ ఒకటుంది. ఇదంతా లైన్ లీడర్ రుక్కమ్మ పుణ్యమే అనుకుంది సునీల.

అదే రోజు క్యాంటీన్‌లో ఇంకో మాట చెవిన పడింది. సరిగ్గా ఆ మూడు రోజులే శామ్ కూడా సెలవు పెట్టాడట. ఊరికి పోతున్నాడట.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గ్లాసు పట్టుకుని నేరుగా అతని బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఊరికి పోతున్నరంట సార్? మాకేమో రూల్ చెప్తరు. మీకు మాత్రం సెలవు దొరుకుతది!"

శామ్ టీ తాగబోతున్నవాడు ఆగాడు. "రొయ్యలు తెమ్మంటారా?"

"మీ రొయ్యలు మీరే తినుర్రి!"

"అక్కయ్యగారి పెళ్లి బాగా చేసుకోండి," అన్నాడతను. ఆ గొంతులో వెటకారం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

పెళ్లి రోజు పొద్దుటి నుంచీ ముసురు. సాతంరాయి చర్చిలో ప్రమాణాలు అయ్యేసరికి వాన జోరందుకుంది. షామియానా మీద చినుకులు దరువేస్తున్నాయి. తండ్రి మార్కు చేతికర్ర ఊతంతో తిరుగుతూ, తడవకండి తడవకండి అని అందరినీ లోపలికి తోలుతున్నాడు. నీలం పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని సునీల వడ్డన దగ్గర నిలబడింది.

రెండు దాటాక షిఫ్టు దిగి రుక్కమ్మ వచ్చింది. ఆమె వెనకాల సగం తడిసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక శామ్ నిలబడ్డాడు. టోపీ రబ్బరు ఒత్తుకున్న గీత నుదుటి మీద ఎర్రగా కనబడుతోంది.

సునీల ఆ గీత వంక చూసింది. అది ఎలా పడుతుందో లైన్లో పనిచేసే వాళ్లకు తెలియనిది కాదు.

"మీరు ఊరికి పోలేదా?"

"ఏం ఊరు!" అని రుక్కమ్మ నవ్వింది. "నిన్నటి సంది నీ జాగల నిలబడి ట్రేలు సర్దుతుండు. సెలవు పెట్టింది గందుకే. ఒక ట్రాలీ నిండ చెంచాలు మరిచిండు. మల్ల అన్ని ఇప్పి పెట్టినం. అన్నం తినలేదంటే నేనే గుంజుకొచ్చిన."

"అక్కా, చెప్పనన్నారు కదా," అన్నాడు శామ్ దీనంగా.

సునీల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం గుండె కరిగినట్టయింది. మరుక్షణం రెట్టింపు కోపం వచ్చింది.

"ఊర్ల ఎవరున్నరు మీకు?"

"అమ్మ ఒక్కతే అండి."

"ఎప్పుడు చూసినవ్ ఆమెను?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇద్దరూ గమనించలేదు.

"పోయిన క్రిస్మస్‌కి."

"మీ అమ్మను చూసే రోజులు నాకిచ్చి, నన్ను గిక్కడ నవ్వుకుంట బిర్యానీ తినమంటవా? నిన్నెవరు అడిగిర్రు? నేను బిచ్చమడిగిన్నా?"

"బిచ్చం కాదండి..."

"మరేంది? నేను కొట్లాడింది నీ సెలవు కోసమా? నాకు రావాల్సింది నాకు కావాలె. రుక్కమ్మకు కావాలె. నీక్కూడ కావాలె. నీ జేబులకెళ్లి తీసి నా జేబుల పెడితే కంపెనీకి ఏం పోయింది? వాళ్లు నిమ్మలంగ కూసున్నరు!"

వడ్డించేవాళ్లు, తినేవాళ్లు చేతులాపి చూస్తున్నారు. వాన హోరులో శామ్ ఒకడుగు ముందుకు వేసి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"మీరు చెప్పింది నిజం. నేను ఆలోచించలేదు. ఆ రోజు మీరు నా మీద అరిచి వెళ్లాక నాకు వేరే ఏ ఆలోచనా రావట్లేదు. అదీ సంగతి."

సునీల చెవులు వేడెక్కాయి. గరిటె నిండా బిర్యానీ తీసి అతని ప్లేటులో గుమ్మరించింది.

"గది తర్వాత మాట్లాడుకుందాం. మొదలు తిను. సోమవారం మేనేజర్ దగ్గరికి పోతున్నం. నువ్వు మా దిక్కు వస్తవా, ఆయన దిక్కు నిలబడతవా?"

"మీ పక్కనే నిలబడతానండి," అన్నాడు శామ్.

సోమవారం టీ విరామంలో లైన్ మొత్తం మేనేజర్ రవీందర్ గదికి కదిలింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, బయట ఇదే ఉద్యోగం కోసం గేటు దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో తెలుసా అన్నాడు.

"తెలుసు సార్," అంది సునీల. "గేటు కాడ మంది ఉన్నరని మా ఇంట్ల పెండ్లిళ్లు ఆగవు కద? జ్వరాలు ఆగవు కద? రుక్కమ్మ మనవరాలి పేరు పెట్టే రోజు ఇక్కడ వెన్న ముక్కలు సర్దుకుంట ఏడ్చింది. పండుగ నాడు కూడ నవ్వుకుంట పనిచేస్తున్నం. రోగానికి సెలవు వేరే పెట్టుర్రి. మిగిలిన సెలవు డిసెంబర్‌ల గుంజుకోకుర్రి. గింతే అడుగుతున్నం."

"రూల్స్ నేను రాయలేదమ్మా. శామ్, నువ్వైనా చెప్పు వీళ్లకు."

శామ్ మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పడానికి నా దగ్గరేం లేదు సార్. జ్వరంతో పడుకున్న మనిషి విహారానికి వెళ్లినట్టు రాసుకోవడం నావల్ల కాదు. ఇకమీద ఒక్క సెలవు కూడా నేను కొట్టేయను. కావాలంటే వేరే మనిషిని పెట్టుకోండి."

విరామం అయిపోయినా ఎవరూ కదల్లేదు. లైన్ మీద బన్నులు అలాగే ఉన్నాయి, సాయంత్రం ఢిల్లీ విమానానికి ట్రాలీలు వెళ్లాలి. రవీందర్ గడియారం చూశాడు, వాళ్లను చూశాడు, చివరికి ఫోన్ తీసి హెడ్డాఫీసుకు కలిపాడు.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ శామ్‌ను రోస్టర్ నుంచి తీసేసి స్టోర్‌లో ఉల్లిగడ్డల బస్తాలు లెక్కపెట్టించారు. కానీ జవాబు వచ్చింది. రోగానికి సెలవు వేరే, మామూలు సెలవులు పద్దెనిమిది, వాడుకోనివి వచ్చే ఏడాదికి కలుస్తాయి. లైన్లో అందరూ చప్పట్లు కొట్టారు.

"పద్దెనిమిదేనా?" అంది సునీల. "మా అక్కకు నెల రోజులు!"

స్టోర్ తలుపు దగ్గర నిలబడ్డ శామ్ పకపకా నవ్వాడు. ఈసారి ఆమె కూడా ఆపుకోలేకపోయింది.

కొత్త సెలవుల్లో శామ్ ఊరికి బయలుదేరే ఆదివారం నాడు, చర్చి అయ్యాక లీలమ్మ అతన్ని భోజనానికి పిలిచింది. చేతులు కడుక్కున్నాక మార్కు అడిగాడు.

"మా బిడ్డ గొంతు పెద్దది. తెలుసు కద?"

"మొదటి రోజే తెలిసిందండి."

"తెల్సే వచ్చినవా?"

"అది వినే వచ్చానండి."

మార్కు మీసాల కింద నవ్వాడు. "అయితే వచ్చేటప్పుడు మీ అమ్మను తీస్కరా. పెద్దోళ్లం మాట్లాడుకుంటం."

సునీల అతన్ని సాగనంపడానికి హైవే మీదికి వచ్చింది. ఆరాంఘర్ వైపు వెళ్లే బస్సు రావాలి. సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరికీ ఒకే గొడుగు. అతని భుజం తడుస్తుంటే గొడుగు అటు వంచింది. ఆమె తడుస్తుంటే అతను ఇటు వంచాడు. చివరికి ఇద్దరూ తడిసిపోయారు.

"ఇంతకీ ఎన్ని రోజులు పెట్టినవ్ సెలవు?" అంది, రోడ్డు వంక చూస్తూ.

"ఎనిమిది రోజులు."

సునీల గిరుక్కున తిరిగింది. కళ్లు మళ్లీ అంత పెద్దవయ్యాయి.

"ఎనిమిదా! గన్ని రోజులెందుకు? మనిషన్నంక ఒక అంతు ఉండొద్దా?"

బస్సు వచ్చి ఆగింది. శామ్ కదల్లేదు. నవ్వు ఆపుకోవడానికి అతను పడుతున్న తిప్పలు చూసి ఆమెకు తను ఏమన్నదో అప్పుడు అర్థమైంది. కొంగుతో మొహం దాచుకుంది.

"సునీలా," అన్నాడు శామ్. అండీ లేదు, గారూ లేదు. "నువ్వు ఊఁ అంటే ఐదో రోజుకే అమ్మను తీసుకుని వచ్చేస్తాను."

"ఊఁ," అంది కొంగు చాటు నుంచి. వెంటనే కొంగు తీసి వేలు చూపించింది. "మిగిలిన మూడు రోజులు మాత్రం ఇడిసిపెట్టకు. కొట్లాడి తెచ్చుకున్నయ్ గవి!"