గాలిలో ఆగిన ఉత్తరాలు

కారు చక్రం కింద నలిగిన కేబులు అరవలేదు కాబట్టి దాని తరఫున అతనే అరిచాడు.

"ఆపండి, ఆపండి. వెనక్కి తియ్యండి. అయ్యో, వెనక్కి తీస్తే మళ్ళీ ఎక్కుతుంది, ముందుకే పోనివ్వండి."

మేడ మెట్ల దగ్గర కారు ఆగింది. స్టీరింగు ముందు కూర్చున్న పెద్దాయన చెమట తుడుచుకుంటుంటే, పక్క సీట్లోంచి డ్రైవింగ్ టీచరు దిగింది.

"ముందుకా, వెనక్కా? ఏదో ఒకటే చెప్పండి. మా స్టూడెంటుకి ఇవాళ రెండో పాఠం."

"ఇది యాంటెన్నా కేబులండీ. లోపల తీగ నలిగితే సిగ్నలంతా పోతుంది."

"అంత ప్రాణప్రదమైనదాన్ని దారిలో పడుకోబెట్టారేం?"

ఆమె గొంతుక్కూర్చుని కేబులు పొడవునా బొటనవేలితో తడిమి ఒకచోట ఆగింది. "ఇక్కడ నొక్కుకుపోయింది. ఇంతవరకు కోసేసి కనెక్టరు మళ్ళీ వెయ్యాలి. ఇటివ్వండి, నేనే వేస్తాను. తప్పు మాదేగా."

"మీకు సోల్డరింగ్ వచ్చా?"

"లైసెన్సే ఉంది. కారుది కాదు, రేడియోది. హామ్ క్లబ్బు ఈ మేడమీదేనా?"

సరదాకి సొంత రేడియోల్లో ఊరూరితో మాట్లాడుకునేవాళ్ళ హామ్ క్లబ్బు ఆ మేడమీదే. కింద పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి, పైన రెండు గదుల్లో రేడియోలు. ప్రెసిడెంటు కూడా ఆ డాక్టరు గారే. వచ్చిన రోజే ఆమెకు సభ్యత్వం ఇచ్చేశారు. "మావాడు గాలిలో పోస్టాఫీసు కడుతున్నాడమ్మా. ఒక చెయ్యి వెయ్యి," అన్నారు.

'మావాడు' అంటే అతనే. యూపీఎస్‌లు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. వాళ్ళ నాన్న పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసే సార్టరు. కొడుకు చేస్తున్న పని ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, కావలసినంత అర్థమైంది. కంప్యూటర్లో టైపు చేసిన ఉత్తరాన్ని మోడమ్ చిన్నచిన్న పొట్లాలు కట్టి, కీచుమనే శబ్దంగా మార్చి రేడియోకి ఇస్తుంది. అవతలి ఊరి రేడియో ఆ పొట్లాలు విప్పి మళ్ళీ ఉత్తరం చేస్తుంది. ఆ మధ్యలో నిలబడి అందుకుని అందించేదే నోడు. "మన పనే. సంచీ ఒక్కటే లేదు," అని ఆయన ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ వానాకాలమంతా ఇద్దరూ ఆ పనిలోనే పడ్డారు. ఆమె పాఠాలు ముగించుకుని సాయంత్రం వచ్చేది. అతను పైపు ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే కిటికీలోంచి మీటరు చూసి కేకేసేది.

"ఇంకొంచెం ఎడమకి. మీ ఎడమకి కాదు, నా ఎడమకి."

"రెండూ ఒకటేనండీ, ఇద్దరం అటే చూస్తున్నాం."

"మీరు ఇటు చూస్తున్నారుగా."

నిజమే, అతను ఇటే చూస్తున్నాడు. వాన మొదలైంది. దిగడానికి అదే సాకు దొరికింది.

నోడు ప్రాణం పోసుకున్న రోజు డాక్టరు గారు అతనికి 'పోస్టుమాస్టరు' అని పేరు పెట్టారు. బిరుదు రాగానే అతనొక రూలు పెట్టాడు. సరదా రేడియోలో వ్యాపారం మాటలు, బూతులు పోకూడదు కాబట్టి కొత్త సభ్యుల ఉత్తరాలు, వచ్చేవైనా పోయేవైనా, ముందు హోల్డులో పడతాయి. పోస్టుమాస్టరు చూసి వదిలితేనే కదులుతాయి. కొన్నాళ్ళు పోయాక ఆ సభ్యుణ్ణి కొత్తవాళ్ళ జాబితాలోంచి తీసేస్తారు. రూలు మంచిదేనని అందరూ తలూపారు, ఆమెతో సహా.

క్లబ్బులో కొత్త సభ్యురాలు ఆమె ఒక్కతే.

మొదటి ఉత్తరం హోల్డులో పడింది. రేవు ఊళ్ళోని ఎవరిదో కాల్‌సైనుకి, అంటే రేడియోలో పేరుకి బదులు వాడే గుర్తుకి. లోపలి మాటలు తెరిస్తేగానీ కనపడవు, పైన శీర్షిక మాత్రం కనపడుతుంది. 'బంగారం, అన్నం తిన్నావా?'

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరీ బంగారం?

తెరిచి చదవలేదు. ఆడపిల్ల ఉత్తరం చదవడం మర్యాద కాదు. వదలనూ లేదు. రేపు వదులుదాంలే అనుకున్నాడు. మర్నాడు ఇంకొకటి పడింది. 'బంగారం, నీ మాటే నిజం.' దాన్నీ ఆపాడు. తర్వాత అటునుంచి రావడం మొదలైంది. 'అలిగావా?' ఆ మరునాడు, 'ఇంకా అలకేనా?'

ప్రేమికులే, అనుమానం లేదు, అనుకున్నాడు. చదవడం లేదు కదా అని తనకు తాను పెద్దమనిషి పట్టా ఇచ్చుకుంటూ, రోజూ రెండు వైపులా ఆపుతూ పోయాడు.

"పోస్టుమాస్టరు గారూ, నా ఉత్తరాలు వెళ్తున్నాయా?" అందామె ఒక సాయంత్రం.

"గాలి బాగాలేదండీ. రేవు వైపు సిగ్నల్ సరిగ్గా అందడం లేదు."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"అంతేనంటారా? సర్లెండి, మీరున్నారుగా, ఏదో చేస్తారు." ఆమె కిటికీలోంచి మబ్బుల్ని చూసి మొహం ముడుచుకుంది. "దరిద్రపు ఆకాశం."

ఆ నమ్మకమే అతన్ని మొదటిసారి గుచ్చింది. అయినా చెయ్యి కీబోర్డు మీదికి పోలేదు.

తర్వాత రెండు సాయంత్రాలు ఆమె రాలేదు. వచ్చిన రోజు ఎగతాళి లేదు, నవ్వు లేదు. బ్యాగు భుజం మీదే ఉంది.

"నేను ఊరెళ్తున్నాను. మా అత్త డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసింది. తాతయ్య సరిగ్గా తినడం లేదట."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. ఓడల్లో రేడియో ఆపరేటరుగా పనిచేసి చేసి చెవులు రెండూ పోయాయి. ఫోన్లో మాట్లాడలేడు. అందుకే నాకు ఇదంతా నేర్పాడు. తెరమీద అక్షరాలైతే మాట్లాడుకోవచ్చుగా. ఇప్పుడు నేను రాయడం మానేశాననుకుంటున్నాడు. ఏదో తప్పు చేశానా అని అత్తని అడిగాడట."

అతను కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. "రేవు ఊళ్ళో ఉండేది... తాతయ్య గారా?"

"అవును. నేను బంగారం అంటాను. ఆయనకి అదో మురిపెం. ఎందుకండీ అలా అయిపోయారు?"

"ఏం లేదు. ఒక్కసారి... ఇవాళ మళ్ళీ ప్రయత్నిస్తాను. మీరు రేపు బయల్దేరండి."

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా కదల్లేదు. తర్వాత హోల్డులో ఉన్నవన్నీ ఒక్కసారిగా వదిలేశాడు. మోడమ్ కీచుకీచుమంటూ పొట్లాలు పంపుతుంటే ఆ శబ్దం తననే తిడుతున్నట్టుంది.

తెల్లారేసరికి ఊళ్ళో అతని పేరు మోగిపోయింది. పాడైన దారిని పోస్టుమాస్టరు రాత్రికి రాత్రే బాగుచేశాడని డాక్టరు గారు పళ్ళు పీకుతూ పీకుతూ రోగులకు చెప్పారు. ఆమె వచ్చి రెండు చేతులూ జోడించింది. "తాతయ్య అన్నీ చదువుకుని కడుపునిండా తిన్నాడట. మిమ్మల్ని చూడటానికి ఆయనే వస్తానంటున్నాడు."

"ఎందుకండీ, వద్దండీ, అంత దూరం..."

"మొహమాటపడకండి. మీరు చేసింది చిన్న సాయమా?"

తిడితే పడొచ్చు. మెచ్చుకుంటే ఎలా పడాలి? ఇంటికి పోతే అక్కడా అదే గొడవ. నాన్న ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాడు. "డాక్టరు గారు నన్నూ రమ్మన్నారురా. ఆగిన టపా కదిలించావంట." టపా ఆపినవాడి మొహం ఎలా ఉంటుందో నాన్నకు తెలియకపోవడమే ఆ పూట అతనికి నరకమైంది. అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తాతయ్య ఆదివారం వచ్చాడు. సన్నగా, నిటారుగా, తెల్లటి గడ్డంతో. ఎవరి పలకరింపూ పట్టించుకోకుండా తిన్నగా కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆయనతో మాట్లాడాలంటే పక్క కంప్యూటర్లో టైపు చెయ్యాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. క్లబ్బంతా చుట్టూ చేరింది. నాన్న కొడుకు కుర్చీ వెనక నిలబడి, తెరమీద వేలు పెట్టి, వచ్చిన ప్రతి మాటా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మామూలుగా మాట్లాడేదానికంటే రెండింతలు గర్వం ఆ గొంతులో.

తాతయ్య టైపు చేశాడు. నాన్న చదివాడు. "ఏం... పాడైంది... బాబూ? మోడమా? యాంటెన్నానా? మా వైపు... గాలి... బాగానే ఉందే."

పాత ఆపరేటరు. కనుక్కుందామనే ఆసక్తి తప్ప ఆ కళ్ళలో ఇంకేమీ లేదు.

యాంటెన్నా అని కొడితే సరిపోయేది. కీబోర్డులో 'A' అక్షరం మీద వేలుంచాడు కూడా. ఆమె తాతయ్య భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది. అతను వేలు తీసేశాడు. మొదటి అక్షరం మార్చి కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏదీ... పాడవలేదు," నాన్న చదివాడు. "ఉత్తరాలు... నేనే..." నాన్న వేలు తెరమీద ఆగింది. గొంతు తగ్గిపోయింది. "నేనే ఆపాను."

తాతయ్య మళ్ళీ టైపు చేశాడు. 'ఎందుకు?' అన్న మాట తెరమీద పడింది. దాన్ని ఎవరూ చదవలేదు. అతను జవాబు కొట్టాడు. దాన్నీ ఎవరూ చదవలేదు. అందరికీ కనపడుతోంది. 'బంగారం అంటే మీరని తెలియదు. అసూయ. క్షమించండి.'

తాతయ్య ముందుకు వంగి రెండుసార్లు చూసుకున్నాడు. వినపడనివాళ్ళ గొంతు పెద్దది. కింద ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. "అయితే ఈ వయసులో నన్ను చూసి ఒకడు కుళ్ళుకున్నాడన్నమాట."

డాక్టరు గారు దగ్గుతో నవ్వు దాచుకున్నారు. ఆమె నవ్వలేదు. తాతయ్య చెయ్యి పట్టుకుని లేపి, మెట్లు దిగిపోయింది.

నాన్న కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు, చిన్నప్పటిలా.

"వాళ్ళిల్లు తెలుసా?" అన్నాడు నాన్న.

"తెలుసు."

"పద. టపా ఆలస్యమైతే, తప్పు మనదైతే, గుమ్మం దాకా పోయి చెప్పుకోవాలి."

డ్రైవింగ్ స్కూలు వెనక ఒక గది, ముందు చిన్న వరండా. తలుపు ఆమే తీసింది. నాన్న చెప్పులు విడిచి, లోపల కూర్చున్న తాతయ్యకి చేతులు జోడించాడు. "మావాడు చేసింది తప్పు బాబూ." ఆయనకు వినపడలేదు. చేతులు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు, పక్కన మంచం మీద చోటు చూపించాడు. నాన్న వెళ్ళి కూర్చున్నాడు.

వరండాలో వీళ్ళిద్దరే మిగిలారు.

"చదివారా?" అంది.

"లేదు. ఒక్కటి కూడా."

"చదివినా బాగుండేది. అందులో సగం మీ గురించే."

అతని తల ఇంకా కిందికి దిగింది.

"ఆపినందుకు కోపం ఉంది. దానికంటే, గాలి బాగాలేదన్నారు చూడండి, అందుకు ఎక్కువుంది. నేను రోజూ ఆకాశాన్ని తిట్టుకున్నాను. పిచ్చిదాన్నయ్యాను మీ ముందు."

"నేనే... పిచ్చిపని చేసింది నేను."

"ఈ బంగారం ఎవరని ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగే హక్కు నాకు లేదనుకున్నాను."

"ఆపే హక్కు ఉందనుకున్నారా?"

లోపల తాతయ్య నాన్నకి ఏదో ఓడ సంగతి గట్టిగా చెబుతున్నాడు. నాన్న 'ఊఁ' కొట్టినా వినపడదని మరిచిపోయి ఊకొడుతున్నాడు.

"పోస్టుమాస్టరు పని డాక్టరు గారికి అప్పగించేశాను," అన్నాడు అతను చివరికి. "క్లబ్బుకి రావద్దంటే రాను. ఒక్కటి మాత్రం... ఇన్నాళ్ళూ దొంగతనంగా తీసుకున్నదాన్ని ఇప్పుడు అడిగి తీసుకుందామని. మిమ్మల్ని అడిగే హక్కు. ఎవరితో మాట్లాడుతున్నారు, ఎందుకు దిగులుగా ఉన్నారు, అన్నం తిన్నారా... అవి అడిగే హక్కు. ఇవ్వకపోయినా న్యాయమే."

ఆమె స్తంభానికి ఆనుకుని అతని నడినెత్తినే చూస్తూ నిలబడింది.

"ఏమంటున్నాడే?" లోపలినుంచి తాతయ్య కేక. "తిట్టావా లేదా? తిట్టడం అయిపోతే లోపలికి రమ్మను, కుర్రాణ్ణి నిలబెట్టకు."

"ఇంకా అయిపోలేదు," అంది ఆమె, ఆయనకు వినపడదని తెలిసే. తర్వాత అతనివైపు తిరిగి గొంతు తగ్గించింది. "ముందు తలెత్తండి."

"ఎత్తలేనండీ."

"ఎత్తాలి. సరేనని చెప్పేటప్పుడు నాకు మొహం కనపడాలిగా."