చెల్లి గుండె చప్పుడు

నూట ముప్పై రెండు!

స్కూటర్ హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌లో చెల్లి గుండె కొట్టుకుంటోంది. నూట పది దాటితేనే ప్రమాదమన్నాడు డాక్టర్!

అక్క యాక్సిలరేటర్ మెలితిప్పుతుంది.

ఆమె నర్సు. గుండెజబ్బు రోగులు ఎవరింట్లో వాళ్లుంటారు. వాళ్ల ఛాతీ మీది సెన్సార్ పట్టీలు పంపే నంబర్లని ఆస్పత్రిలో కూర్చుని చూడటం ఆమె పని. వాళ్లలో చెల్లి ఒకతి.

పది నిమిషాల క్రితం స్క్రీన్ ఎర్రబడింది. చెల్లి మొగుడికి, తన మరిదికి ఫోన్ చేసింది.

"ఇంట్లోనే పడుకుంది వదినా. కంగారు పడకండి."

కానీ మ్యాప్‌లో చెల్లి ఎక్కడుందో చూపే చుక్క బస్టాండ్ వైపు పరుగెడుతోంది...

అబద్ధం! ఎక్కడికి లాక్కుపోతున్నాడు దాన్ని? నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లని!

"తప్పుకోండి! తప్పుకోండయ్యా!"

"కళ్లు నెత్తికెక్కాయా?" లారీ డ్రైవర్ అరుస్తాడు.

రెడ్ సిగ్నల్. ఆగదు.

బస్టాండ్! స్కూటర్ని అక్కడే పడేసి పరుగు. మూడో ప్లాట్‌ఫారం. చుక్క ఇక్కడే...

కదులుతున్న బస్సు మెట్టు మీద మరిది. ఒక్కడే!

చొక్కా పట్టుకుని కిందికి లాగుతుంది. ఇద్దరూ నేలమీద పడతారు.

"చెల్లేదిరా?"

గుండీలు తెగాయి.

వాడి ఛాతీ మీద... చెల్లి పట్టీ!

"ఇది తీస్తే మీ స్క్రీన్ మోగుతుందని..." వాడు ఏడుస్తున్నాడు. "గొడవలో తోశాను వదినా. తల గోడకి తగిలింది. మళ్లీ లేవలేదు. మంగళవారం."

మంగళవారం!

మెషిన్ ప్రతి రోగి గుండె తీరునీ నేర్చుకుంటుంది. ఆ సాయంత్రమే అది అడిగింది. ఈ తీరు పాతదానితో కలవడం లేదు, మనిషి మారారా అని. నంబర్లు అంత బాగుంటే కొత్త మందు పనిచేసిందని తను అనుకుంది. 'అదే మనిషి' అని నొక్కింది. సంతోషం పట్టలేక తోటి నర్సులందరికీ టీ తెప్పించింది. చెల్లి ఫోన్ ఎత్తకపోయినా, నంబర్లు చూసుకుని ఊరుకుంది. నాలుగు రోజులు వీడి గుండెని చూసుకుని మురిసిపోయింది!

"ఎంత పని చేశావురా!" వాణ్ణి కొడుతుంది. "నేనెంత పని చేశానే తల్లీ..."

జనం వాణ్ణి పట్టుకుంటారు. ఆమె పట్టీ పీకేస్తుంది.

ఫోన్ కీచుమంటుంది. స్క్రీన్ మీద చెల్లి పేరు.

'గుండె చప్పుడు లేదు. నిర్ధారిస్తారా?'

కింద రెండు బటన్లు: అవును. కాదు.



'కాదు' నొక్కుతుంది.

ఫోన్ మళ్లీ అడుగుతుంది.

'కాదు'!