ఎడమవైపు బల్ల

...కాదు, స్టేడియంలో ఖాళీ బల్లను చూసి సిగ్గుపడే మనిషే అయితే అది ఖాళీ అయ్యేదాకా తెచ్చుకునేవాడే కాదు కదా, అనుకుంది వాండా, పెనంలో సాసేజి ముక్కలు తిరగేస్తూ. ఆ అనుమానం వేసవి పొడుగునా తల ఎత్తుతూనే ఉంది. ఎత్తినప్పుడల్లా ఆమె దాన్ని అణిచేసింది.

ఆ మనిషి అంటే ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్ యజమాని. అతని పేరు ఆ ఇంట్లో పలకరు. ఆటగాడు పేరు తెచ్చుకుని జీతం పెంచమని అడిగే వేళకి వాణ్ణి వేరే ఊరికి అమ్మేయడం అతని పద్ధతి. ఇంటి తలుపులూ కిటికీలూ ఊడదీసి అమ్ముకుని, ఇల్లు చలిగా ఉందని ఏడ్చేవాడి వరస అంటుంది వాండా. జట్టు ఓడినా టీవీ డబ్బులో వాటా తగ్గదు, ఇక గెలవాల్సిన అవసరం ఏముంది? పైగా ఊరి పన్నులతో కొత్త స్టేడియం కట్టించమన్నాడు. ఊరు కుదరదంది. అయితే జట్టును దక్షిణాదికి తీసుకుపోతానన్నాడు.

అందుకే ఏప్రిల్లో ఆమె ఒట్టు పెట్టుకుంది. అతను జట్టును వదిలేదాకా స్టేడియం గేటు దాటనంది. తనతో పాటు మైదానానికి ఎడమవైపు బల్లల మీద కూర్చునేవాళ్లందరి చేతా అదే మాట అనిపించింది. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపిన మనిషి ఆమె. పిల్లలు దిగి వెనక్కి చూడకుండా పోయేవాళ్లు. తను లేకపోవడం ఎవరికైనా లోటుగా కనిపిస్తుందన్న ఊహ ఈ వయసులో మొదటిసారి కలిగింది. అది ఎంత తియ్యగా ఉందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

వీధి తలుపు చప్పుడైంది. కూతురు రెజీనా. హెరాన్స్ టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. ఆదివారం ఫలహారానికి వచ్చేటప్పుడు జట్టు జాకెట్ వరండాలో విప్పి రావాలన్నది ఈ ఏడాది పెట్టిన నియమం. ఇవాళ దాంతోనే లోపలికి వచ్చింది.

"జాకెట్ బయట," అంది వాండా.

"ఇవాళ విప్పను. నేను చెప్పేది విను, తర్వాత నువ్వే గెంటెయ్."

రెజీనా నిలబడే చెప్పింది. జట్టును తరలించనివ్వాలా వద్దా అని మిగతా జట్ల యజమానులు గురువారం ఓటు వేస్తారు. వాళ్లకి పంపిన కాగితాల్లో మొదటి పేజీ నిండా ఒక ఫొటో ఉంది.

"ఎవరి ఫొటో?"

"నీదే. అంటే, నువ్వు లేనిది. మన బల్ల, మన వరస, మచ్చుకి ఒక్క మనిషి లేడు. ఈ ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదని కింద రాశారు."

సాసేజి మాడు వాసన వచ్చింది. వాండా పొయ్యి కట్టేసింది. అణిచిన అనుమానం ఈసారి కూతురి గొంతుతో లేచి ఎదురుగా నిలబడింది.

"అయితే టికెట్ కొని నా డబ్బు కూడా వాడి జేబులో పొయ్యమంటావా?"

"కొంటే జేబు నిండుతుంది, కొనకపోతే సాక్ష్యం దొరుకుతుంది. రెండు వైపులా తనదే గెలుపయ్యేలా ఏర్పాటు చేసుకున్నాడమ్మా. నాకు తెలియదనుకున్నావా?"

"తెలిసే వాడి ఉప్పు తింటున్నావు."

"నేను మానేస్తే ఆ కౌంటర్లో ఇంకొకళ్లు కూర్చుంటారు," అంది రెజీనా. "నువ్వొచ్చావా అని వాళ్లు టికెట్ల వరస చివరిదాకా చూడరు. నేను ప్రతి ఆటకీ చూస్తున్నాను."

అప్పటిదాకా పళ్లెంలోంచి తల ఎత్తని భర్త కాజ్ నెమ్మదిగా ఫోర్కు కింద పెట్టాడు. భార్య ఒట్టు పెట్టుకున్నప్పటి నుంచి అతను గరాజులో చిన్నగా రేడియో పెట్టుకుని ఆట వింటున్నాడు. అది ఆమెకూ తెలుసు.

"బుధవారం అవతలి జట్టువాడు మైదానం దాటించిన హోమ్‌రన్ బంతి మన వరసలో పడింది," అన్నాడు. "ఎవరూ వెనక్కి విసరలేదు, వాండా. రేడియోవాడు కాసేపు ఆగాడు. తర్వాత ప్రకటన వేశాడు."

ఎడమవైపు బల్లలకి ఒకటే చట్టం. శత్రువు కొట్టిన బంతిని ఇంటికి పట్టుకెళ్లకూడదు, మైదానంలోకి తిరిగి విసిరేయాలి. పెళ్లికి ముందు, పరిచయమైన మొదటి రోజునే, అలాంటి బంతిని కోటులో దాచుకోబోయిన కాజ్ చేత ఆమె పదిమందిలో విసిరించింది.

వాండా పడగ్గదిలోకి వెళ్లింది. మంచం అంచున కూర్చుని ఆలోచించింది. తప్పు చేసినందుకు కాదు, తను అక్కడ లేకపోవడాన్ని ఇంతగా ప్రేమించినందుకు ఆమెకు సిగ్గేసింది. బయటికి వచ్చినప్పుడు ఆమె ఒంటి మీద 'జట్టు అమ్మెయ్' అని పెద్ద అక్షరాలున్న చొక్కా ఉంది.

"నోరు మూసుకుని కూర్చోవడానికి రావట్లేదు, ముందే చెప్తున్నా."

"మూసుకోమని ఎవరన్నారు?" అంది రెజీనా. ఊరికే లోపలికి పంపిస్తానంటే వాండా ఒప్పుకోలేదు, డబ్బిచ్చిన వాళ్లకే తిట్టే హక్కు ఉంటుందంది. తోటివాళ్లకి ఫోన్లు చేసింది. ఒకామె ద్రోహి అని పెట్టేసింది. ఇంకొకాయన టోపీ వెతుక్కుంటానన్నాడు.

ఆ మధ్యాహ్నం స్టేడియంలో ఎండకి బల్ల కాలుతోంది. ఆ వైపున అక్కడొకరూ ఇక్కడొకరూ ఉన్నారు. ఆట సగంలో రెజీనా మెట్లెక్కి వచ్చి, విప్పాలా అన్నట్టు జాకెట్ మీద చెయ్యి పెట్టుకుని వరస చివర ఆగింది. వాండా తన సంచి పక్కకి జరిపింది.

"దాంతోనే కూర్చో. ఫొటోలో ఇంకో మనిషి కనిపిస్తుంది."

బంతి విసిరే మంచి పిచర్లందరినీ ఎప్పుడో అమ్మేశారు. ఎక్కువసేపు ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. అవతలివాడి దెబ్బకి బంతి పైకి లేచి, వాళ్ల కింది బల్ల మీద టంగుమని పడి దొర్లింది. కాజ్ లేవబోయాడు. వాండా అతని భుజం నొక్కి, మోకాళ్ల నొప్పితో రెండు వరసలు దిగి, బంతి తీసుకుంది. తోలు ఇంకా కొత్తగా ఉంది. పరిచయమైన ఆ రోజు కాజ్ అలాంటి బంతిని ఎందుకు దాచుకోవాలనుకున్నాడో ఇప్పుడు అర్థమైంది.

స్టీరింగు తిప్పీ తిప్పీ అరిగిన భుజాన్ని వెనక్కి లాగి, ఉన్న బలమంతా కూడదీసుకుని, ఆమె బంతిని మైదానంలోకి విసిరేసింది.