కొబ్బరికాయంత కంప్రెసర్

తెర మీద వేడి చూపే అంకె తొంభై దాటగానే మేదిని సీటు అంచుకి జరిగింది.

"ఎక్కుతోందా మేడమ్?" అన్నాడు అప్పలకొండ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"ఎక్కుతోంది. మళ్ళీ అదే రోగం."

లారీ సాలూరు ఘాట్ దిగుతోంది. పొద్దున కోరాపుట్‌లో ఎక్కించిన సరుకు బరువంతా వెనక నుంచి తోస్తోంది. డీజిల్ బళ్ళు మ్యూజియంలకు చేరి చాలా కాలమైంది. మైదానంలో లారీలు వాటంతట అవే పోతాయి, డ్రైవరు వెనక్కి వాలి కునుకు తీస్తాడు. ఘాట్ వస్తే మాత్రం చట్టప్రకారం మనిషే స్టీరింగు పట్టాలి.

ఎన్ని మారినా లారీ బ్రేకులు ఇంకా గాలితోనే పనిచేస్తున్నాయి. ఆ గాలిని కుదించి ట్యాంకుల్లో నింపేది కంప్రెసర్. పూర్వం దాన్ని ఇంజనే తిప్పేది. ఇంజను పోయాక దానికి సొంత మోటారు కావలసి వచ్చింది. మోటారు, గేర్లు, షాఫ్టు, నూనె డబ్బా అన్నీ కలిసి ఓ పీపా అంత అయి కూర్చున్నాయి. మేదిని కనిపెట్టిన కంప్రెసర్‌లో గేర్లూ లేవు, షాఫ్టూ లేదు. పిస్టనే ఒక అయస్కాంతం. చుట్టూ ఉన్న తీగల్లో కరెంటు దిశ మారుతుంటే అది ముందుకూ వెనక్కూ ఊగుతూ గాలిని కుదిస్తుంది. మొత్తం యంత్రం కొబ్బరికాయంత. పీపా ఉండే గూట్లోనే దాన్ని బిగించి, చల్లగాలి ఆడాలని మిగతా చోటంతా ఖాళీగా వదిలింది.

ల్యాబులో అది నెలల తరబడి ముద్దుగా నడిచింది. రోడ్డెక్కాకే పేచీ మొదలైంది. మధ్యాహ్నానికి కాస్త ముందు ఉన్నట్టుండి వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. మెకానిక్కు వచ్చి గూడు తెరిచేసరికి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా తిరుగుతుంది. కంపెనీ డైరెక్టర్ పురుషోత్తం గారికి ఓపిక నశించింది. "ఇంకొక్కసారి ఆగిందంటే పీపాకే పోదామమ్మా. నీ మిషన్ని బొమ్మల కొలువులో పెట్టుకుందువుగాని" అన్నారు. ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. వయసంతా ధారపోసిన పని. అందుకే ఈసారి తనే లారీ ఎక్కింది.

అంకె నూట ఇరవైకి చేరింది. కంప్రెసర్ ఆగిపోయింది.

ఇక ట్యాంకులో ఉన్న గాలే గతి. అప్పలకొండ బ్రేకు తొక్కిన ప్రతిసారీ గాలి మీటరు ముల్లు కిందికి జారుతోంది. గాలి మరీ తగ్గితే బ్రేకులు పడవని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులుంటాయి. వాటిని అణచి ఉంచేది గాలే. అది పోతే స్ప్రింగులు విచ్చుకుని చక్రాలను పట్టేస్తాయి, లారీ ఉన్నచోటే కదలకుండా బిగుసుకుంటుంది. మలుపు మధ్యలో బిగుసుకుంటే వెనక వచ్చే బళ్ళ పని అంతే.

"ఆ మలుపు తిరిగితే పక్కన జాగా ఉంది మేడమ్. మీరు కంగారు పడకండి" అన్నాడు అప్పలకొండ. అతని నుదుటి మీద మాత్రం చెమట కారుతోంది.

మలుపు తిరిగింది. లారీ రోడ్డు పక్కకి వచ్చి ఆగుతుండగానే చక్రాలు బిగిశాయి. మేదిని ఊపిరి వదిలింది. ప్రాణాలు దక్కాయి గాని ప్రాజెక్టు పోయిందనుకుంది.

అప్పలకొండ గబగబా తలుపు తీశాడు. "మీరు కూకోండి మేడమ్. ఎండగా ఉంది. గూడు నాను సూసొత్తాను."

"మీరెందుకు? నేనే చూస్తాను" అని ఆమె అతనికంటే ముందే దిగింది. కాలిన తీగల కంపుకి సిద్ధపడి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గూడు తలుపు లాగింది.

ఘుమఘుమలాడుతూ నెత్తళ్ళ ఎండుచేపలు వేసిన వంకాయ కూర వాసన వచ్చింది.

లోపల తన కంప్రెసర్ కనబడలేదు. దాని నెత్తిమీద నాలుగు గిన్నెల క్యారేజీ కూర్చుని ఉంది. క్యారేజీకీ కంప్రెసర్‌కీ కలిపి ఎర్ర తువ్వాలు బిగించి కట్టి ఉంది.

"ఏమిటండీ ఇది?"

అప్పలకొండ తల గోక్కున్నాడు. "నా క్యారేజీ మేడమ్. పీపా ఉన్నప్పుడు దాని మీద పెట్టీవోళ్ళం, వేడి సల్లారీది కాదు. ఇప్పుడు మీరు ఇంత జాగా వదిలీసినారు గదా, మా క్యారేజీల కోసవేనని అనుకున్నాం."

"మా అంటే?"

"అందరం మేడమ్. డ్రైవర్లందరం."

"మరి తువ్వాలో?"

"వేడి బయటికి పోకండా."

మెకానిక్కు వచ్చేలోపల లోపం ఎలా మాయమయ్యేదో మేదినికి అప్పుడు తెలిసొచ్చింది. లారీ ఆగగానే వీళ్ళు క్యారేజీ తీసుకుని భోజనానికి కూర్చునేవాళ్ళు. ఆమె పిట్టగోడ మీద కూలబడి నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగలేదు. తన యంత్రంలో తప్పు లేదు, ఏ తప్పూ లేదు! అప్పలకొండ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

తువ్వాలు తీసిన కాసేపటికే కంప్రెసర్ మళ్ళీ ఊపందుకుంది. ముల్లు పైకి లేచింది. ఇద్దరూ అక్కడే కూర్చుని క్యారేజీ ఖాళీ చేశారు. ఏళ్ళ తర్వాత ఆమె కడుపునిండా తిన్న భోజనం అదే.

క్యారేజీ పెట్టొద్దని కంపెనీ నోటీసులు అంటించింది. డ్రైవర్లు నోటీసుల కిందే క్యారేజీలు పెట్టారు. చివరికి మేదినే దారికొచ్చింది. కంప్రెసర్‌ని చల్లార్చి బయటికి పోయే వేడిగాలిని ఓ పెట్టెలోకి మళ్ళించి, అందులో క్యారేజీకి చోటు చేసింది. కొత్త నమూనాని పురుషోత్తం గారు టేపుతో కొలిచారు, మళ్ళీ కొలిచారు.

"సరిగ్గా పాత పీపా అంతే ఉందే!"

"అవునండీ" అంది మేదిని.

ఆ లారీలు జోరుగా అమ్ముడయ్యాయి. ఘాట్ మీద ఒక్కటీ ఆగలేదు. అది బ్రేకుల గాలి కోసమన్న సంగతే మరిచిపోయారు అందరూ. ఓసారి సాలూరులో లారీల స్టాండు దగ్గర ఆమె కారు దిగితే, అప్పలకొండ పరిగెత్తుకొచ్చి తోటి డ్రైవర్లను కేకేశాడు.

"ఓరే, ఇలా రండెహె! మన అన్నాలు వేడిసేసే మిషన్ కనిపెట్టింది ఈ మేడమే!"

అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. మేదిని తనూ నవ్వుతూ దణ్ణం పెట్టింది.