బొగ్గుముక్క లేని కోడి

పాస్తా చెయ్యడం చిన్మయికి ఇరవై నిమిషాల పని. ఒక పొయ్యి మీద నీళ్ళు, రెండో పొయ్యి మీద వెన్న, వెల్లుల్లి. నీళ్ళు మరిగేలోపు క్యాప్సికం తరిగెయ్యాలి, పాస్తా ఉడికేలోపు చికెన్ వేగిపోవాలి. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి పులుసులూ వేపుళ్ళూ ఎవరు పెట్టుకుంటారండీ! న్యూ టౌన్‌లో ఆ పదకొండో అంతస్తు ఫ్లాటుకి మారినప్పట్నుంచీ బుధవారం రాత్రి వాళ్ళింట్లో పాస్తాయే.

ఆ బుధవారం మాత్రం సంగతి వేరు. ఐదేళ్ళ కూతురు అక్షయకి నాలుగు రోజులుగా జ్వరం, వాంతులు. పిల్ల గ్లూకోజు నీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టలేదు. చిన్మయికి సెలవు దొరక్క, ఖిదిర్‌పూర్‌లో తన అమ్మమ్మ కాసులమ్మ దగ్గర పిల్లని వదిలి ఆఫీసుకి పోతోంది. ఆ మధ్యాహ్నం జ్వరం దిగింది. పిల్ల కళ్ళు విప్పి, "అమ్మ చేసే తెల్ల పాస్తా కావాలి, చికెన్ వేసి" అందట. ఫోన్లో ఆ మాట వినగానే చిన్మయి ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. పిల్ల నోరు తెరిచి అడిగింది, ఈ పూటే పెట్టాలి. నాలుగు ముక్కలు తింటే చాలు.

కాసులమ్మ దగ్గర ఫ్రిజ్‌లో పెట్టిన చికెన్ మాటెత్తితే తిట్లే. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి వచ్చి అరవై ఏళ్ళుగా రేవు పక్క సందులో ఉంటున్న మనిషి. బేరం బెంగాలీలో, తిట్లు మాత్రం తెలుగులో. సందు చివర దగ్గరుండి కోడిని కోయించి, స్టీలు డబ్బాలో పెట్టి, ముక్కల మీద ఒక బొగ్గుముక్క ఉంచి మూత బిగించింది.

"దీపాలేళయిపోనాది. పచ్చి మాంసం పట్టుకెళ్తన్నావు, ఏటైనా ఎంటబడతాది. ఇల్లు చేరీదాకా ఆ బొగ్గు తియ్యకు. ఏటే, ఇంటన్నావా?"

"అలాగేలే అమ్మమ్మా."

"అలాగేలే" అని ఎవరైనా అన్నారంటే వినలేదనే లెక్క. పిల్లతో ఎక్కిన క్యాబు ఫ్లైఓవరు మీదికి చేరాక చిన్మయి ఊరికే మూత తీసి చూసింది. బొగ్గు తడిసి, నల్లటి మసి ముక్కల మీదికి కారుతోంది. నిన్నటిదాకా వాంతులు చేసుకున్న పిల్లకి ఈ మసి పెట్టాలా? టిష్యూతో బొగ్గు తీసి, అద్దం దించి, వానలోకి విసిరేసింది. తప్పంటారా? ఏ తల్లయినా అదే చేస్తుంది.

కాసేపటికి డ్రైవరు ముక్కు ఎగబీల్చాడు. "దీదీ, మాఛ్ ఆఛే నాకి?"

"చేప కాదు దాదా, కోడి."

అతను వాన లోపలికి కొడుతున్నా సరే, అద్దాలన్నీ దించేశాడు. అప్పుడు చిన్మయికీ తగిలింది ఆ వాసన. చేప వాసన కాదు. రేవులో నీళ్ళు తగ్గినప్పుడు అడుగున నల్లబురద బయటపడుతుంది చూడండి, అది. సీటు మీద నిద్రపోతున్న పిల్లని దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. భర్త ప్రణవ్ ఎనిమిదిన్నరకల్లా వస్తానని మెసేజ్ పెట్టాడు. అక్షయ ఇంకా నిద్రలోనే ఉంది. సోఫాలో పడుకోబెట్టి, ఏసీ గాలి తగలకుండా దుప్పటి కప్పి, చిన్మయి వంటింట్లోకి నడిచింది.

ఎముకలు తీసి పక్క గిన్నెలో వేసింది, రేపు సూపుకి పనికొస్తాయి. మెత్తటి ముక్కల్ని సన్నగా కోసి ఉప్పు, మిరియాల పొడి పట్టించింది. వెన్న కరిగింది. వెల్లుల్లి చిటపటమంది. ముక్కలు పడగానే ఇల్లంతా కమ్మటి వాసన. హమ్మయ్య అనుకుంది. ఏదో పాట కూడా కూనిరాగం తీసింది పాపం.

పాస్తా వార్చడానికి సింకు వైపు తిరిగింది. అంతే, అరనిమిషం. మళ్ళీ ఇటు తిరిగేసరికి మూకుట్లో ముక్కలు సగమే ఉన్నాయి.

కోసిందే తక్కువేమో అనుకుంది. మనసుకి సర్ది చెప్పుకోవడం మనకి చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. పాలు పోసింది, క్రీమ్ వేసింది, పాస్తా కలిపి మంట తగ్గించింది. అప్పుడు వినబడింది. కటుక్... కటుక్... మెల్లిగా, తీరిగ్గా ఎవరో ఎముక కొరుకుతున్న చప్పుడు. బట్టలుతికే మిషన్ ఉన్న చిన్న బాల్కనీలోంచి. పిల్లి అనుకుందామంటే పదకొండో అంతస్తు. ఎముకల గిన్నె కోసం చూసింది. గట్టు మీద లేదు.

చప్పుడు ఆగింది. ఆ బురద వాసన గుప్పుమంది. వెన్న వాసన, వెల్లుల్లి వాసన, అన్నీ దాని కింద అణిగిపోయాయి.

"అమ్మా... ఆకలి."

వెనక నుంచి, పడగ్గది వైపు నడవాలోంచి. అక్షయ గొంతే. భయమంతా ఎగిరిపోయింది చిన్మయికి. నాలుగు రోజుల తర్వాత పిల్ల ఆకలి అంటోంది!

"వచ్చేయ్ తల్లీ! వచ్చి కూర్చో, పెట్టేస్తున్నా," అంది, వెనక్కి తిరక్కుండానే.

ప్లేటు తీసింది. గరిట పట్టుకుంది. కుర్చీ జరిగిన చప్పుడు లేదు. పాదాల చప్పుడూ లేదు. హాల్లోకి తొంగి చూసింది. సోఫాలో దుప్పటి కింద పిల్ల అలాగే ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పటి పైకీ కిందకీ కదులుతోంది, ఊపిరికి. ఒక జుట్టుపాయ బయటికి వేలాడుతోంది.

"అమ్మా... ఆకలి."

నడవాలో లైటు లేదు. ఆ చీకట్లోంచి మళ్ళీ.

చిన్మయి గట్టు పట్టుకుని నిలబడి, అమ్మమ్మకి ఫోన్ చేసింది. జరిగింది గుసగుసగా చెప్పింది.

"బొగ్గు పారేసీసేవా?" కాసులమ్మ గొంతు పడిపోయింది. "ఓలమ్మా, ఎంత పని చేసేవే!"

"అమ్మమ్మా, నాకు భయమేస్తోంది..."

"ఏడవకు. నాను చెప్పింది ఇను. దాన్ని నువ్వు ఏటన్నా పిలిసేవా?"

"వచ్చి కూర్చో అన్నాను. పెడతా అన్నాను."

అవతల ఎక్కడో ఓడ కూత మాత్రం వినబడింది.

"పెడతానన్నాక పెట్టాల. వండిందంతా పళ్ళెంలోకి తీసీ. పిల్లని భుజానేసుకో. తలుపు తీసి పళ్ళెం బయటెట్టు. నోరు మెదపకు. అది నీ పక్క నుంచే దాటి పోతాది. తల తిప్పి సూడకు, సూసేవా, మరి పోదు. దాటీసినాక తలుపేసి గడియెట్టీ. మరి తెల్లారీదాకా ఎవులు పిలిసినా తియ్యకు."

"ప్రణవ్ వస్తాడు..."

"ఎవులు పిలిసినా తియ్యకన్నాను."

చిన్మయి మూకుడంతా ప్లేటులోకి ఒంపింది. నాలుగు రోజుల తర్వాత పిల్ల నోరు తెరిచి అడిగిన తిండి. ఒక్క ముక్క కూడా పిల్లకి ఉంచడానికి లేదు. కళ్ళు తుడుచుకుని సోఫా దగ్గరికి వెళ్ళింది. పిల్లని దుప్పటితో సహా ఎత్తి భుజాన వేసుకుంది. అక్షయ కదల్లేదు. మెడ మీద వేడి ఊపిరి తగిలింది. బతికి ఉంది, నా దగ్గరే ఉంది, అనుకుంది. ఆ ఒక్క ధైర్యంతోనే అడుగులు పడ్డాయి.

తలుపు తీసింది. బయట లిఫ్టు ముందు ఖాళీ జాగా. ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది. వంగి, ప్లేటు నేల మీద పెట్టి, గుమ్మంలోనే ఒక పక్కకి నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఒకటి... రెండు... మూడు...

వెనక నడవాలో కదలిక. తడి పాదాలో, ఉత్త పాదాలో తెలియదు. మెల్లిగా వస్తున్నాయి. హాల్లోకి... సోఫా దాటి... ఆమె వెనకే ఆగాయి. చిన్మయి ఊపిరి బిగబట్టింది. మోకాలి దగ్గర ఏదో తగిలింది. చిన్నది. ఆమె కుర్తా అంచుని ఒక్క క్షణం పట్టుకుంది. లాగింది.

చిన్మయి పెదవి కొరుక్కుంది. రక్తం ఉప్పగా తగిలింది. తల తిప్పలేదు.

అంచు వదిలింది. పక్క నుంచి దాటి, బయటికి పోయింది. వెంటనే తలుపు దభాలున వేసి, పై గడియ, కింద గడియ రెండూ పెట్టేసింది. తలుపుకి వీపు ఆనించి జారి కూర్చుంది. పోయింది. పోయింది! పిల్లని గుండెకి హత్తుకుని, శబ్దం రాకుండా ఏడ్చింది.

తలుపు అవతల ప్లేటు గీరుకుంటున్న చప్పుడు. గబగబా తింటున్న చప్పుడు. మధ్యలో చిన్న దగ్గు.

"అమ్మా... బాగుంది. నీళ్ళు."

చిన్మయి చెవులు మూసుకుంది.

"అమ్మా, తలుపెందుకేశావ్? అమ్మా... నీళ్ళు ఇవ్వు."

చిన్న చేత్తో తలుపు తట్టిన చప్పుడు. ఆ తర్వాత ఏడుపు. ఎక్కిళ్ళు పెట్టి, గొంతు జీరపోయి ఏడుపు. ఏ తల్లి వినగలదండీ అది! అయినా విన్నది. కదల్లేదు. నా బిడ్డ నా ఒళ్ళో ఉంది, అని పైకి అనకుండా లోపలే అనుకుంటూ కూర్చుంది. నాలుగు నిమిషాలో, పది నిమిషాలో.

టింగ్. లిఫ్టు ఆగింది. బూట్ల చప్పుడు.

"అరె, బిడ్డా! ఒక్కదానివే బయట కూసున్నవేంది? ఎందుకేడుస్తున్నవ్?" ప్రణవ్ గొంతు. తాళంచెవుల గుత్తి గలగలా. తాళం తిరిగింది. తలుపు కదిలింది కానీ గడియ దగ్గర ఆగిపోయింది. "చిన్మయీ! పిల్లని బయటేసి గడియ పెట్టుకున్నవా? నీకేమన్న పిచ్చి లేసిందా? దర్వాజ తియ్!"

చిన్మయి పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది.

"నాన్నా, అమ్మ నన్ను చూడలేదు. నేను డ్రెస్ పట్టుకుని లాగాను. చూడలేదు."

"ఏడ్వకు నానీ. మూతికంత క్రీమే... పాస్తా తిన్నవా? మంచిగున్నదా?" మళ్ళీ తలుపు మీద దెబ్బలు. "చిన్మయీ! పిల్ల ఒళ్ళు మళ్ళ కాలుతుంది. తియ్ జల్ది!"

ఎవులు పిలిసినా తియ్యకు. అమ్మమ్మ మాట. కానీ తన తాళంచెవి కాక రెండోది ప్రణవ్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. చిన్మయి పిల్లని మళ్ళీ భుజాన వేసుకుని లేచి నిలబడింది. చెయ్యి పై గడియ దాకా వెళ్ళి ఆగింది. భుజాన ఉన్న పిల్ల మొహం చూడాలి. దుప్పటి తీసి ఒక్కసారి చూస్తే చాలు. చూడాలంటే చెయ్యి రావడం లేదు.

భుజం మీద పిల్ల కదల్లేదు, మేలుకోలేదు. మెడ మీద ఊపిరి అలాగే నెమ్మదిగా తగులుతోంది. ఒక చిన్న చెయ్యి మాత్రం దుప్పటిలోంచి బయటికి వచ్చి, చిన్మయి వీపు మీద మెల్లమెల్లగా జోకొట్టసాగింది.